నడుముకు కత్తి ఉంటే నేరస్తుడేనా?

తెల్లవారకముందే మందను తోలుకుని కొండ దిక్కు బయలుదేరే గొర్రెల కాపరిని మనం రోజూ చూస్తూనే ఉంటాం. భుజాన కంబళి, చేతిలో కర్ర, సంచిలో సంగటి ముద్ద, నీళ్ల సీసా, వీటితోపాటు నడుముకో భుజానికో తగిలించిన ఒక కొడవలి. ఊళ్లో దాన్ని ఎవరూ వింతగా చూడరు. అదే మనిషి పని మీద పట్టణంలో బస్సు దిగితే మాత్రం అందరి చూపూ ముందుగా ఆ కొడవలి మీదే పడుతుంది. సీమ మనిషి చేతిలో కొడవలి కనిపిస్తే చాలు, మిగతా కథంతా చూసేవారే అల్లుకుంటారు.

ఈ అపోహ తొలగిపోవడం ఎంతైనా అవసరం. మన పల్లెల్లో కత్తి, కొడవలి బతుకుతెరువు వస్తువులు. వాటిని వెంట ఉంచుకున్నంత మాత్రాన మనిషిని అనుమానించడం సబబు కాదు. అయితే ఈ మాట గట్టిగా చెప్పాలంటే మనం కూడా ఒక కట్టుబాటు పాటించాలి. పని ఉన్నచోటికే కత్తి పోవాలి, పని ముగియగానే ఇంటికి చేరాలి. ఈ రెండు మాటలూ కలిపి చెప్పుకోవలసినవే. ఒకటి వదిలి రెండోది చెబితే న్యాయం కాదు.

కరువు నేల పనులు

పాత అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. జిల్లాలు రెండైనా కరువు ఒక్కటే. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటి నేలమీద ఒక్క శనక్కాయ పంటనే నమ్ముకుంటే కుటుంబం గడవదు. అందుకే ఒకే మనిషి కొన్నాళ్లు సేద్యం చేస్తాడు, కొన్నాళ్లు జీవాలు మేపుతాడు, కొన్నాళ్లు కంపచెట్లు కొట్టి బొగ్గులు కాలుస్తాడు, ఏదీ లేకపోతే కూలికి పోతాడు. ఈ పనులన్నిటికీ కావలసిన వస్తువు కొడవలే. అది నడుముకు ఉండడానికి కారణం ఇదే.

కాపరి సంగతే తీసుకుందాం. మంద మేతలో ఉండగా గొర్రె ఈనితే పిల్ల బొడ్డు కోయాలి. గిట్టలో దిగిన ముల్లు తీయాలి. పెరిగిన గిట్ట చెక్కాలి. కంపలో ఇరుక్కున్న జీవాన్ని విడిపించాలి. రాత్రి మంద నిలిపే చోట కంప కొట్టి చుట్టూ దడి వేయాలి. ఎండాకాలంలో గడ్డి మాడిపోతే మేకలకు చెట్టు ఆకే ఆధారం. తుమ్మ, వేప, రేగు, మర్రి, రావి మండలు కొట్టి వేయనిదే మేక నిలవదు. అందని కొమ్మకు పొడుగాటి గడకు కొడవలి కట్టిన దోటి కావాలి. కరువు ఏడాదిలో మందను తోలుకుని నీళ్లున్న సీమలకు వలస పోయే కాపరికి నెలల తరబడి ఇల్లూ వాకిలీ అడవే. అతన్ని కొడవలి వదిలి పొమ్మనడం రైతును మడక వదిలి సేద్యం చేయమన్నట్టే.

మడకశిర, కళ్యాణదుర్గం వైపు కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. మైదానంలో తోడేళ్ల భయం ఉంది. కాపరి తన మందను కర్రతో, కుక్కలతో, గొంతుతో కాచుకుంటాడు. కొడవలి దగ్గరుందన్నది ఒక ధైర్యం మాత్రమే. దానితో చిరుతను ఎదిరిద్దామని తెలివిగల కాపరి ఎవడూ అనుకోడు.

ఒక్క కాపరే కాదు. ఈతచెట్టు గీసే ఈడిగ నడుమున గీతకత్తి ఉంటుంది. వెదురు చీల్చే మేదరికి కత్తి, చెప్పులు కుట్టేవారికి రంపె, క్షురకునికి మంగలికత్తి ఉంటాయి. హిందూపురం, మడకశిర, ధర్మవరం ప్రాంతాల్లో పట్టుపురుగులు పెంచే ఇళ్లలో మల్బరీ కొమ్మ కోయడానికి కొడవలి కావాలి, పసి పురుగులకు ఆకు సన్నగా తరగడానికి కత్తి కావాలి. కంది కట్టె, జొన్న సొప్ప కోసే ఆడవాళ్లు కొడవలి చంకన పెట్టుకునే చేనికి పోతారు. వంటింట్లో కత్తిపీట లేని ఇల్లే లేదు. వీళ్లందరి చేతా ఇనుము తీయించేస్తే ఊరు ఒక్క పూట కూడా సాగదు.

కొలిమి చెప్పే నిజం

కొలిమి దగ్గర కాసేపు కూర్చున్నవారికి ఒక విషయం తెలుస్తుంది. కత్తి ఆకారాన్ని నిర్ణయించేది పనే. జొన్న, గడ్డి కోసే కొడవలికి కక్కులు పెడతారు. పట్టి లాగితే కోసుకుపోతుంది. మండలు కొట్టే కొడవలికి కక్కులు ఉండవు. దానికి బరువు కావాలి, కొమ్మను దగ్గరకు లాక్కోవడానికి కొన వంపు తిరగాలి. గీతకత్తికి పదును ముఖ్యం, బరువు అక్కర్లేదు. కమ్మరి పాత లారీ కమాను పట్టీ ఇనుమును కోరి తెచ్చుకుంటాడు. ఆ ఉక్కు పదును నిలుపుతుంది. ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, అంచుకు నీరు పట్టిస్తాడు. నీరు ఎక్కువైతే అంచు పెళుసై విరుగుతుంది. తక్కువైతే రాయి తగలగానే మడత పడుతుంది. ఆ అదును చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఒకప్పుడు కమ్మరి ఊరి ఆయగాళ్లలో ఒకడు. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడే రైతులు అతనికి మేర కొలిచి ఇచ్చేవారు. అందుకు ఏడాది పొడుగునా ఊరి పనిముట్లకు పదును పెట్టేవాడు. ఎవరి కొడవలి ఏదో, ఎవరికి ఏ పనో అతనికి తెలుసు. ఆ ఏర్పాటు పోయింది. చాలా ఊళ్లలో కొలిమి ఆరిపోయింది. సంతలో డబ్బిచ్చినవాడికి ఏ కత్తైనా దొరుకుతుంది. కత్తికీ పనికీ మధ్య సంబంధం తెగిపోవడం ఇక్కడే మొదలయిందని చెప్పవచ్చు.

వేట అన్న మాట

పరువు పోగొట్టుకున్న పనిముట్టు మాట కూడా చెప్పుకోవాలి. అది వేటకొడవలి. ఈ పేరు వినగానే బయటివారికి కక్షలు గుర్తుకొస్తాయి. మన భాషలో వేట అంటే అడవిలో జంతువును తరమడమే కాదు. జాతరలో అమ్మవారికి మొక్కుకున్న పొట్టేలునూ, మేకపోతునూ వేట అనే అంటాం. అందుకే చాలాచోట్ల మేకమాంసానికి వేటమాంసం అన్న పేరు. వేటకొడవలి అన్న పేరులో వినిపించేది ఈ అడవి, ఈ జాతరే. మనిషిని వేటాడడం ఆ మాటకు తరువాత అంటించిన అర్థం.

సీమలో కక్షలు లేవని ఎవరూ అనలేరు. తరతరాలుగా సాగిన పగల వల్ల ఎన్నో కుటుంబాల్లో మగదిక్కు లేకుండా పోయింది. ఆ పగల్లో కొడవళ్లు ఉన్నాయి, గొడ్డళ్లు ఉన్నాయి, నాటు బాంబులు, తుపాకులు కూడా ఉన్నాయి. 2005 జనవరి 24న అనంతపురం పట్టణంలో శాసనసభ్యుడు, మాజీ మంత్రి పరిటాల రవీంద్రను బలిగొన్నది తుపాకి. అయినా సినిమా వాళ్లకు కొడవలే నచ్చింది. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఆది', 'ఇంద్ర', వాటి బాటలో వచ్చిన మరెన్నో చిత్రాలు సీమ అంటే రక్తం, కొడవలి అన్న ముద్ర వేశాయి. హాలులో ఈల వేసినవారు ఇంటికి పోయారు. ఆ ముద్ర మాత్రం పొట్టకూటికి వలసపోయిన మన కూలీ వెంట, చదువుకు పోయిన మన పిల్లవాడి వెంట బెంగళూరు దాకా, హైదరాబాదు దాకా పోయింది.

వేట కాలం ముగిసింది

అడవి వేట విషయంలో మాత్రం మనం నిజం ఒప్పుకోవాలి. ఉగాది వేళ ఊరి మగవారంతా కుక్కలు, వలలు, ఈటెలు తీసుకుని కుందేళ్ల వేటకు పోయే ఆచారం మన పల్లెల్లో చాలాచోట్ల ఉండేది. ఆ వేటలో కూడా కత్తిది ఆఖరి వంతే. దారికి అడ్డమొచ్చిన కంప కొట్టడానికి, దొరికిన దాన్ని కోసి ఇంటింటికీ పాళ్లు వేయడానికి అది కావాలి. కరువు సీమలో మాంసం ముక్క దొరకడం పండుగే కాబట్టి వేట పండుగలో భాగమయింది. దేవుళ్లకూ వేట ఉంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో, ఒక్క పంది కోసం శివుడు కిరాతుడై అర్జునుడితో తలపడిన కథ ఉంది. కదిరి నరసింహస్వామికి సంక్రాంతి వేళ పారువేట జరుగుతుంది. అహోబిలం స్వామి కనుమనాడు పారువేటకు బయలుదేరి పల్లెపల్లె తిరుగుతాడు.

కాని ఇప్పుడు ఆచారం పేరుతో అడవి జంతువును చంపడం కుదరదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమయింది. మన చేలల్లో తిరిగే కృష్ణజింక, నెమలి ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ ప్రకారం కనీసం 25,000 రూపాయల జరిమానా. అదే చట్టం 'ఆయుధం' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో తుపాకి, విల్లంబులు, వల, ఉచ్చు, విషంతోపాటు కత్తి కూడా ఉంది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే తప్పు. రిజర్వు అడవిలో చెట్టు మండలు కొట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. కాపరులు ఈ సంగతి తెలుసుకోవాలి. పొలం గట్టుమీద పనిముట్టు అయిన కొడవలి అడవి హద్దు దాటితే మరొకటి అవుతుంది.

పందులు, జింకలు రాత్రికి రాత్రి శనక్కాయ చేను తవ్విపోస్తుంటే రైతు కడుపు మండడం సహజం. ఆ మంటలో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు, మరికొందరు నాటు బాంబులు పెడుతున్నారు. చీకట్లో ఆ తీగ పందినీ మనిషినీ వేరుచేసి చూడదు. నీళ్లు కట్టడానికి పోయిన రైతే దానికి తగిలి చనిపోయిన సంఘటనలు రాష్ట్రంలో ఎన్నో జరిగాయి. ఆ నాటు బాంబు ఏదో తినే వస్తువనుకుని నోట పెట్టుకున్న ఆవు దవడ పగులుతుంది. పంట నష్టానికి పరిహారం కోసం అటవీ శాఖను గట్టిగా అడగడమే మార్గం. ఆ పరిహారం ఆలస్యం లేకుండా ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత.

చట్టం ఏమంటోంది?

నిజాం 1800లో ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేశాడు. అప్పటికి సీమలో 80 మంది దాకా పాలెగాళ్లు ఉండేవారు. వారి కింద కట్టుబడి బంట్లు మాన్యాలు అనుభవిస్తూ ఆయుధాలు పట్టేవారు. మన్రో ఆ పాలెగాళ్లను అణచివేశాడు. తరువాత 1878 నాటి ఆయుధ చట్టంతో దొరలు జనం చేతి ఆయుధాలకు కళ్లెం వేశారు. రైతు చేతి కొడవలిని మాత్రం వారూ పెరుక్కోలేదు. కొడవలి లేకపోతే పంట లేదు, పంట లేకపోతే శిస్తు లేదు.

ఇప్పుడు అమల్లో ఉన్న 1959 ఆయుధ చట్టం ఈ తేడాను స్పష్టంగానే రాసింది. ఇంటి వాడకానికి, వ్యవసాయానికి మాత్రమే తయారయిన వస్తువులు ఆయుధాలు కావని రెండో సెక్షన్ చెబుతోంది. 2016 నాటి ఆయుధ నియమావళి 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగు ఉన్న కత్తులను ఆయుధాల పట్టికలో చేర్చింది. అక్కడ కూడా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారయిన వాటిని మినహాయించింది. అంటే అలుగు పొడవు ఒక్కటే లెక్క కాదు. అది ఏ పనికి తయారయిందన్నదే అసలు ప్రశ్న.

ఇతర చోట్ల కూడా ఇదే పద్ధతి. కత్తుల విషయంలో చాలా కఠినంగా ఉండే ఇంగ్లండులో 1988 నాటి చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో 3 అంగుళాలు దాటిన కత్తి ఉన్నవాడు తగిన కారణం చూపాలి. వృత్తి పని కోసమైతే అది తగిన కారణమే. మన రాజ్యాంగం 25వ అధికరణం సిక్కులకు కృపాణం ధరించే హక్కునిచ్చింది. పొరుగున కర్ణాటకలోని కొడగులో పెళ్లికొడుకు నడుమున పీచెకత్తి లేనిదే పెళ్లి దుస్తులు పూర్తికావు. ఎక్కడైనా అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ కత్తి ఇక్కడ, ఇప్పుడు ఎందుకు?

అయితే మినహాయింపు ఉందని మురిసిపోవడానికి వీల్లేదు. కోతకో, పొడవడానికో పనికొచ్చే ఏ వస్తువుతోనైనా మనిషిని గాయపరిస్తే అది ప్రమాదకర ఆయుధమే. ఒకప్పుడు ఐపీసీ 324, 326 సెక్షన్లు చెప్పిన ఈ మాటనే 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ చెబుతోంది. కత్తిపీట అయినా, గడ్డపార అయినా అంతే. ఎన్నికల వేళ, అల్లర్ల వేళ ఆయుధాలతో తిరగరాదని ఆంక్షలు పెడతారు. మనం 144 సెక్షన్ అని పిలిచేది అదే. కొత్త చట్టంలో అది 163వ సెక్షన్. ఆ రోజుల్లో కొడవలితో రచ్చబండ దగ్గర నిలబడితే, పని నుంచి వస్తున్నానంటే నమ్మేవారెవరు?

అధికారులు, మనం

పోలీసు యంత్రాంగానికి ఒక విజ్ఞప్తి. మంద వెంట ఉన్న కాపరినీ, చేనికి పోయే కూలీనీ, వైన్ షాపు దగ్గర రాత్రి పదింటికి కత్తి దోపుకుని తిరిగేవాడినీ ఒకే తీరున చూడవద్దు. మొదటివాడి చేతి కొడవలి తీసుకుంటే అతని ఆ పూట మేత పోతుంది, కూలి పోతుంది, పరువు కూడా పోతుంది. అనుమానం ఉంటే అడగాలి. తీసుకోవలసి వస్తే చట్టప్రకారం తీసుకోవాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయాలని, ఆ తతంగమంతా సెల్‌ఫోన్‌లోనైనా వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి పల్లె జనానికి తెలియజెప్పడం కూడా మంచిది.

ఇక మన వంతు. పల్లెల్లో గొడవలు ఎక్కడ మొదలవుతాయో అందరికీ తెలుసు. గట్టు జరిపాడని, మేక చేలో పడిందని, నీళ్లు మళ్లించుకున్నాడని మాట పెరుగుతుంది. ఆ క్షణంలో చేతిలో కర్ర ఉంటే దెబ్బ తగులుతుంది. కొడవలి ఉంటే ప్రాణం పోతుంది. కొట్టినవాడు దుర్మార్గుడే కానక్కరలేదు. నిన్నటిదాకా పక్క చేనివాడే. ఒక్క క్షణం ఆవేశానికి ఒక ఇల్లు శ్మశానానికి, ఒక ఇల్లు కోర్టుకు పోతాయి. జీవాలు అమ్మి లాయరు ఫీజు కట్టాలి. పిల్లల చదువు ఆగిపోతుంది. పగ మిగిలితే అది రెండు తరాలు తింటుంది.

అందుకని కొన్ని పద్ధతులు ఊరూరా పాటించాలి. పెద్దలు చాలామంది ఇప్పటికే పాటిస్తున్నవే ఇవి. పని నుంచి రాగానే కొడవలిని చూరులోనో, దూలం మీదనో పెట్టాలి. పిల్లలకు అందకూడదు. పంచాయతీకి, పెళ్లికి, కల్లు అంగడికి, వైన్ షాపుకు కత్తితో పోకూడదు. జాతరలో వేట కొట్టేవాడి చేతిలో తప్ప మరెవరి చేతిలోనూ కొడవలి ఉండకూడదు. ఎవరితోనైనా మాట పెరిగితే ముందు కొడవలి కింద పెట్టి తరువాత నోరు విప్పాలి. బస్సు ఎక్కేటప్పుడు అలుగుకు గోనెపట్టా చుట్టి మూటలో కట్టుకోవాలి. తోటి ప్రయాణికుల ప్రాణానికీ అది మంచిది, మన మర్యాదకూ మంచిది. పనికి మించిన పొడుగు కత్తి చేయమని ఎవరైనా వస్తే కమ్మరి ఎందుకని అడగాలి. సరైన జవాబు రాకపోతే కొలిమి ఆర్పి కూర్చోవాలి.

కుర్రవాళ్లకు ఒక మాట. కొడవలి పట్టుకుని ఫొటో దిగి సెల్‌ఫోన్‌లో పదిమందికీ పంపడం మగతనం కాదు. ఒక్క మండ కొట్టడం రానివాడు కొడవలి ఊపితే చూసి నవ్వుకునేది ముందుగా మన కాపరులే. మీ ఫొటో చూసినవాడు మిమ్మల్ని ఒక్కరినే తలచుకోడు, సీమనంతటినీ తలచుకుంటాడు. సినిమా వాళ్లు వేసిన ముద్రను మన చేత్తో మనమే మళ్లీ గట్టిగా అద్దుకోవడం ఎందుకు?

కరువు ఉన్నంతకాలం మేకకు మండ కావాలి, మండకు కొడవలి కావాలి. ఆ కొడవలిని చూసి భయపడవద్దని పట్టణానికి, అనుమానించవద్దని పోలీసులకు చెప్పే హక్కు మనకుంది. దాన్ని చూసి పక్కింటివాడు కూడా భయపడకుండా ఉండేలా మసలుకున్నప్పుడే ఆ హక్కుకు విలువ.